పనికో ప్రశ్న

“షూస్! ముందు షూస్ విప్పండి!”

జర్మనీకొచ్చి ఐదేళ్ళవుతున్నా శశాంక్‌ని ఇంత చక్కటి గోదావరి తెలుగులో ఎవరూ కసురుకోలేదు. ఒక కాలు చెక్క గట్టు మీద, ఒక కాలు పడవ అంచు మీద, చేతుల్లో ఆవకాయ పార్సిల్, నెత్తిన హాంబర్గ్ వాన. ఏ కాలి బూటు ముందు విప్పాలో తేల్చుకోలేక అతను అలాగే నిలబడిపోయాడు. ఈలోగా పడవ గట్టు నుంచి మెల్లగా పక్కకి జరగడం మొదలుపెట్టింది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని పెద్దలు చెప్పారు గానీ, ఒక్క పడవతోనే ఇంత కష్టముంటుందని ఎవరూ చెప్పలేదు.

“ఏదో ఒక కాలు ఎత్తండి మహానుభావా! నీళ్ళలో పడతారు!”

అతను గట్టు మీది కాలు ఎత్తాడు. పార్సిల్‌తో సహా వెళ్ళి ఆమె ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

పసుపుపచ్చ రెయిన్ జాకెట్, టోపీ అంచు నుంచి కారుతున్న చుక్కలు, చేతిలో తాడు. ఆ అమ్మాయి ముందు పార్సిల్‌ని చూసింది, తర్వాత అతని బూట్లని చూసింది, ఆఖరికి అతన్ని చూసింది.

“ప్యాకెట్ చిరగలేదు కదా?” అంది.

“నాకేం కాలేదు, థాంక్స్,” అన్నాడు శశాంక్.

ఆ పార్సిల్ కథ ఇది. జర్మనీలో ఉన్న మనవాళ్ళలో ఎవరైనా సెలవుకి వెళ్ళి తిరిగొస్తున్నారని తెలిస్తే చాలు, వాళ్ళ సూట్‌కేసులో సగం ఊరందరిదీ అయిపోతుంది. శశాంక్‌ది హనుమకొండ. జర్మనీలోనే జీగెన్ అనే ఊళ్ళో మాస్టర్స్ చేసి, బ్లూ కార్డు అనే ఉద్యోగ పర్మిట్ మీద హాంబర్గ్‌లో ఒక లాజిస్టిక్స్ కంపెనీలో చేరాడు. మే నెలలో ఇంటికెళ్ళినవాడు ‘హాంబర్గ్ తెలుగు’ గ్రూపులో నోరు జారి తిరుగు ఫ్లైటు ఎప్పుడో చెప్పేశాడు. ఆ కబురు ఎవరెవరి చెవినో పడి, మర్నాడే కొవ్వూరు నుంచి హైమావతిగారి ఫోను. “బాబూ, మా అమ్మాయి ఈషా అక్కడే విమానాల కంపెనీలో ఇంజినీరు. దానికి కాస్త కొత్తావకాయ తీసుకెళ్తావా? కొంచెమే.” కొంచెం అన్నది కొరియర్‌లో హైదరాబాద్ చేరేసరికి చంటిపిల్లంత బరువైంది. తీరా ఆవిడిచ్చిన చిరునామాకి వస్తే అది పడవల రేవు ఆఫీసు. లోపలున్న ముసలాయన కవరు మీద పేరు చదివి, నవ్వి, కిటికీలోంచి నీళ్ళవైపు వేలు చూపించాడు.

ఈషా అతన్ని లోపలికి దింపింది. నిలువు మెట్లు నాలుగు దిగితే ఒక బుల్లి చెక్క గది. మధ్యలో బల్ల, రెండు పక్కలా దివాన్లలాంటి సీట్లు, మూలన వంటిల్లు. పోపుల డబ్బా, కుక్కరు, బియ్యం సంచీ, అన్నీ ఉన్నాయి. ప్రతి అరకీ కొక్కెం ఉంది.

శశాంక్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బొకటుంది. కొత్తదేదైనా కనిపిస్తే నోరు ఊరుకోదు. చిన్నప్పుడు మీటరు ఎలా తిరుగుతుందని ఆటోవాడిని అడిగి అడిగి, సగం దారిలో దింపించుకున్న చరిత్ర ఉంది అతనికి.

“మీరు ఈడ్నే ఉంటరా? పండుకునుడు గూడ ఈడ్నేనా? నీళ్ళెట్ల? కరెంటెట్ల? స్నానం? చలికాలం ఎట్ల? గీ పొయ్యేంది, ఊగుతున్నది? స్క్రూ ఊడిందా?” అంటూ పొయ్యిని చేత్తో పట్టి ఆపబోయాడు.

“ముట్టుకోకండి! అది ఊగట్లేదు. పడవ ఊగుతోంది, పొయ్యి నిలబడింది.”

శశాంక్ వంగి చూశాడు. పొయ్యికి రెండు పక్కలా ఇరుసులున్నాయి. పడవ ఎటు వాలినా, పొయ్యి వాటి మీద తిరిగి గిన్నెని సమంగా నిలబెడుతుంది. అతనికి అది ఎంత నచ్చిందంటే, చేతిలో ఉన్న, నీళ్ళు కారుతున్న జాకెట్‌ని తీసుకెళ్ళి ఆమె లాప్‌టాప్ మీద పెట్టాడు.

“మీరు పార్సిల్ ఇవ్వడానికొచ్చారా, ఇంటర్వ్యూ చెయ్యడానికొచ్చారా?” అంటూ ఈషా జాకెట్ లాగేసింది.

సరిగ్గా అప్పుడే అతని ఫోను మోగింది. హైమావతిగారు, వీడియో కాల్. ఈషా ఒక్క అంగలో వచ్చి, ఫోను మీద ఉల్లిపాయల బుట్ట బోర్లించింది.

“అమ్మకి తెలీదు,” అంది గుసగుసగా, ఉల్లిపాయలకి వినపడుతుందేమోనన్నట్టు.

“ఏం తెల్వదు?”

“ఇది. ఇదంతా. రెండేళ్ళ కింద మోవెని కొన్నప్పుడు... మోవె అంటే ఈ పడవ పేరు. పాతవాళ్ళు పెట్టింది, పడవ పేరు మార్చకూడదంటారు. అప్పుడు అమ్మతో ఏమన్నానంటే, చిన్న ఇల్లు కొన్నానమ్మా, నీళ్ళకి దగ్గర, అన్నాను. ‘పోన్లే, నీళ్ళకి ఇబ్బంది లేదన్నమాట’ అంది. నేను నిజం చెప్పేలోపు నా పేరు మీద సత్యనారాయణ వ్రతం చేసేసింది. మా వీధంతా ప్రసాదం తిన్నారు. ఇంక ఎలా చెప్పను?”

“మరి వీడియో కాల్స్?”

“ఆఫీసు నుంచి చేస్తాను.” ఆమె మొదటిసారి కాస్త బతిమాలుతున్నట్టు చూసింది. “మీరు చెప్పకండి. ప్లీజ్. టైమ్ చూసి నేనే చెప్తాను.”

“చెప్ప. ఒట్టు. కాని నాకు డౌట్లున్నయి.”

“ఎన్ని?”

“మస్తున్నయి.”

ఈషా అతన్ని పై నుంచి కింది దాకా చూసింది. మనిషి అమాయకుడు, భుజాలు మాత్రం పనికొచ్చేలా ఉన్నాయి. “సరే. పనికో ప్రశ్న. ఒక పని చేస్తే ఒకటి అడగొచ్చు. శనివారం రండి, డెక్ గీకాలి.”

అలా మొదలైంది.

మొదటి శనివారం డెక్ అంతా గీకినందుకు స్నానం సంగతి తెలిసింది. రేవు ఒడ్డున షవర్లున్నాయి, వానొస్తే గొడుగేసుకుని వెళ్ళాలి. తాళ్ళు బురద పోయేలా కడిగినందుకు మంచినీళ్ళ సంగతి తెలిసింది. పైపుతో ట్యాంకు నింపుకోవాలి, అంట్లు తోమేటప్పుడు కుళాయి అలా వదిలేస్తే ఈషా చూపుతోనే కాల్చేస్తుంది. కిటికీల చుట్టూ పాత బంక ఊడబెరికినందుకు చలికాలం ఎలా గడుస్తుందో తెలిసింది.

“మరి ఆన్‌మెల్డుంగ్ ఏ అడ్రస్ మీద?” అని అడిగాడోసారి, ఊళ్ళో ఉంటున్నట్టు మున్సిపాలిటీలో పేరు రాయించుకునే తంతు గురించి.

“అది పెద్ద ప్రశ్న. దానికి రెండు పనులు.”

పొద్దుటి నీళ్ళకీ మధ్యాహ్నపు నీళ్ళకీ తేడా కూడా నేర్చుకున్నాడు. అది ఎల్బె నది, కానీ సముద్రం అక్కడిదాకా చెయ్యి చాస్తుంది. పోటు వస్తే రేవు నిండుతుంది. ఆటు వస్తే నీళ్ళు తీసి, మోవె అడుగు బురదలో కూర్చుని మెల్లగా ఒక పక్కకి ఒరుగుతుంది. మొదటిసారి శశాంక్ అయ్యయ్యో అని బల్ల పట్టుకున్నాడు. “పడిపోదులెండి, కునుకు తీస్తోంది,” అంది ఈషా. నాలుగో శనివారానికి అతని కాళ్ళకి ఆ వంపు అలవాటైపోయింది. గది ఒరిగిందో లేదో గమనించడమే మానేశాడు. కథలో ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఒక సాయంత్రం వాన తెరిపిచ్చాక, ఆమె బల్ల మీద పెద్ద సముద్రపు పటం పరిచింది. పెన్సిల్‌తో గీసిన గీత నది వెంట కిందికి దిగి, కీల్ కాలువలోంచి బాల్టిక్‌లోకి వెళ్ళి, డెన్మార్క్ దీవుల మధ్య మెలికలు తిరిగి, స్వీడన్ దగ్గర ఆగింది.

“జూలై చివర్లో. జీతం లేని సెలవు అడిగాను, ఇచ్చారు. ఇదిగో ఈ దీవి చూడండి, మొత్తం కలిపి ఒక వీధి. ఇక్కడ రాత్రి ఆగి, గాలి బావుంటే పొద్దున్నే...” అంటూ ఆమె వేలు గీత వెంట పోతోంది. శశాంక్ గీతని చూడటం మానేసి వేలినీ, వేలిని మానేసి ముఖాన్నీ చూశాడు. తడి జుట్టు చెంపకి అంటుకుని ఉంది. కళ్ళు అప్పటికే స్వీడన్ వెళ్ళిపోయాయి. ఆఫీసులో రోజంతా స్క్రీన్ మీద ఓడల్ని చుక్కలుగా చూసే మనిషి అతను. ఆ చుక్కలోపల ఇలాంటి ముఖం ఉండొచ్చని ఎప్పుడూ తట్టలేదు. ఆ క్షణాన తనకి ఈ పిల్లంటే ఇష్టమని అతనికి అర్థమైంది.

“ఒక్కరేనా?” అన్నాడు.

“ఇవాళ్టి పని ఇంకా కాలేదు,” అంది ఈషా, పటం చుట్టేస్తూ.

అతను అన్ని ప్రశ్నలడిగాడు గానీ, ఆమె మాత్రం అతన్ని ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. మీ ఊరేంటి, ఇంట్లో ఎవరెవరున్నారు, టీ తాగుతారా, ఏదీ లేదు. టీ కూడా అడక్కుండానే ఇచ్చేది. అది మాత్రం అతనికి లోలోపల గుచ్చుకునేది.

ఇక అవతల హైమావతిగారి బెంగ ఒక్కటే. నూనె తేలిందా లేదా?

“ఈషాని అడిగితే ‘బావుందమ్మా’ అంటుంది బాబూ. అది ఆవకాయకి చెప్పే జవాబేనా? ముక్క మునిగేలా పైన నూనె నిలబడాలి. లేకపోతే బూజు పడుతుంది. దానికా ఓపిక లేదు. నువ్వో ఫోటో తీసి పెట్టు,” అని వాయిస్ మెసేజ్ పెట్టారు.

పార్సిల్ మోసినవాడికి ఆ బాధ్యత కూడా ఉంటుంది, తప్పదు. ఆ శనివారం ఈషా పైన తాడు సరిచేస్తుంటే, శశాంక్ లోపల గూఢచారిలా పనిచేశాడు. కిటికీ పడకూడదు. తాళ్ళు పడకూడదు. లైఫ్ జాకెట్ పక్కకి తోశాడు. ఆవకాయ వేసిన గాజు సీసాని బల్ల మీద పెట్టి, వెనక చెక్క గోడా, దాని అరలూ మాత్రమే వచ్చేలా తీశాడు. ఫోటో పంపి, తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఎంతోసేపు పట్టలేదు, ఫోను.

“బాబూ, నూనె తేలింది, చాలా సంతోషం. కానీ ఒక పక్కకే తేలిందేంటి?”

శశాంక్ ఫోటో చూశాడు. బల్ల తిన్నగా ఉంది, సీసా తిన్నగా ఉంది, వెనక గోడ తిన్నగా ఉంది. నూనె మాత్రం ఒక వైపు సీసా మెడదాకా ఎగబాకి, రెండోవైపు ముక్కలు బయటపెట్టుకుని ఏటవాలుగా నిలబడింది. బయట నీళ్ళు ఎప్పుడు తీశాయో అతను చూడలేదు.

“అది... ఆంటీ... ఈడ ఇండ్లు కొంచెం ఒరిగే ఉంటయి.”

“జర్మనీలోనా?”

“పాతిల్లు కదా ఆంటీ. నేల మెత్తది.”

“అయ్యో! వ్రతం చేసిన ఇల్లు కూలిపోతోందా ఏంటి!”

కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడుతుండగానే, ఫోనులో వెనకనుంచి ఇంకో గొంతు వినిపించింది. ఈషా నాన్న జనార్దనరావుగారు. ధవళేశ్వరం ఆనకట్ట మీద ముప్ఫై ఏళ్ళు నీటిమట్టాలు చూసి రిటైరైన మనిషి.

“హైమా, నూనె ఎప్పుడూ వంకరగా ఉండదే. అది సమంగానే ఉంది. వంకరంతా ఇంటిది. ఆ అరలకి కొక్కేలు చూశావా? ఇల్లు కాదది. పడవ.”

ఆ మాటతో అవతల ఫోను పెట్టేశారు.

మర్నాడు పొద్దున్న ఈషా ఫోన్ చేసింది. అప్పటిదాకా మీరు, మీరు అన్న పిల్ల, కోపంలోనే మొదటిసారి నువ్వు అంది.

“నువ్వేం చేశావో తెలుసా? అమ్మ ఏడుస్తోంది. నాన్న నాతో మాట్లాడట్లేదు.”

“నేను కావాలని చెయ్యలే ఈషా...”

“తెలుసు. దాచింది నేను, తప్పు నాదే. కానీ నేను చెప్పేదాన్ని కదా, నా నోటితో! ఆ ఒక్క ఛాన్స్ కూడా లేకుండా చేశావు. అబద్ధం చెప్పడం రానప్పుడు ఎందుకు చెప్పాలి? ఇళ్ళు ఒరిగి ఉంటాయా?”

ఆమె గొంతు తగ్గింది. తగ్గాక ఇంకా భయమేసింది అతనికి.

“స్వీడన్ సంగతితో సహా అంతా చెప్పేశాను. జూలైలో రావడానికి వాళ్ళకి వీసాలున్నాయి. వచ్చి ఒక్క రోజు మోవెలో ఉండండి, అమ్మ వద్దంటే అమ్మేస్తాను అని చెప్పాను. మాటిచ్చాను.”

“మరి స్వీడన్?”

“పడవే లేకపోతే స్వీడనేంటి? ఇంక శనివారాలు రావద్దు శశాంక్.”

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. శశాంక్‌కి కడుక్కునే దారి కూడా కనిపించలేదు. శనివారాలు వచ్చాయి, పోయాయి. ఆఫీసు స్క్రీన్ మీద ఓడల చుక్కలు కదులుతుంటే, వాటిలో ఏదీ మోవె కాదని తెలిసి కూడా చూసేవాడు. తన వల్ల ఆమె పటం మీద గీత చెరిగిపోతుందన్న ఆలోచన రాత్రీ పగలూ తొలిచేది. అడగడానికి ప్రశ్నలున్నాయి, చెయ్యడానికి పని లేదు.

అలాంటప్పుడు మళ్ళీ కొవ్వూరు నుంచి ఫోను.

“బాబూ, ఆదివారం దిగుతున్నాం. ఈషా ఎయిర్‌పోర్ట్‌కి వస్తానంది, నేనే వద్దన్నాను. నువ్వు రా. దార్లో నీతో పనుంది.”

హైమావతిగారు ఫోనులో వినిపించినంత పొడుగు కాదు. నీలం నేత చీర మీద స్వెటరు, కాళ్ళకి కొత్త స్పోర్ట్స్ షూస్. జనార్దనరావుగారు ఎస్-బాన్ రైలు కిటికీకి అతుక్కుపోయి, కనిపించిన ప్రతి కాలువనీ లెక్కగడుతున్నారు. హైమావతిగారు శశాంక్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

“చూడు బాబూ, ఈసారి ఇళ్ళు ఒరిగాయని చెప్పకు.”

“చెప్పను ఆంటీ.”

“అది అక్కడ భయం లేకుండా ఉంటోందా?”

లేదనీ అవుననీ రెండూ శశాంక్ నాలుక మీదికి వచ్చాయి. ఏది చెప్తే పడవ నిలుస్తుందో ఆలోచించాడు. చివరికి ఆ ఆలోచన పక్కన పెట్టి, తను చూసింది చెప్పాడు.

“భయముంటది ఆంటీ. గాలి గట్టిగ కొడితే లేచిపోయి తాళ్ళు చూసుకుంటది. నేను ఇదే అడిగిన. ఆ ఒక్క ప్రశ్నకు ఇంజిన్ మొత్తం తుడిపిచ్చింది నాతోని. భయమేస్తది కాబట్టే లేచి చూస్తా, చూస్తే పోతది అన్నది.”

“ఊఁ.”

“చలికాలం అద్దాలకి చెమ్మ పడ్తది, బట్టలు తడి వాసనొస్తయి. స్నానానికి గొడుగేసుకుని పోవాలె. సుఖంగుందని నేను చెప్పలేను. ఇంకోటి, మనం పొయ్యేసరికి నీళ్ళు తీస్తయి, పడవ ఒరుగుతది. మీరు భయపడొద్దు, పడిపోదు. ముందే చెప్తున్న. కాని ఆంటీ, ఆ పటం తీసి, ఫలానా దీవికి పోవాలె, ఫలానా కాడ ఆగాలె అని ఈషా చెప్తుంటే ఉంటది కదా... అప్పుడు ఆ మొకం మీరొక్కసారి చూడాలె.”

హైమావతిగారు అతని ముఖంకేసే చూస్తున్నారు.

“చూస్తున్నాలే,” అన్నారు.

శశాంక్ చెవులు ఎర్రబడ్డాయి. జనార్దనరావుగారు కిటికీవైపు తిరిగే ఉన్నారు గానీ, ఆయన భుజాలు నవ్వుతున్నట్టు కదిలాయి.

ఈషా గట్టు మీదే నిలబడి ఉంది. తల్లిని కావలించుకుంది, తండ్రి చేతిలో బ్యాగు అందుకుంది, శశాంక్‌ని చూసి చూడనట్టు తల తిప్పుకుంది. హైమావతిగారు ఎవరూ చెప్పకుండానే షూస్ విప్పి చేత్తో పట్టుకున్నారు.

“చెప్పులు విప్పి ఎక్కాలన్నమాట. ఆ పద్ధతి బావుంది,” అన్నారు.

జనార్దనరావుగారు మాత్రం ఎక్కలేదు. గట్టు పక్కన స్తంభానికి కొట్టిన అంకెల పలక దగ్గరే ఆగిపోయారు. రేవు ముసలాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. ఒకరి భాష ఒకరికి రాదు. నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయి, ఇక్కడికి దిగుతాయి అని ముసలాయన చేత్తో చూపిస్తే, “రోజుకి రెండుసార్లు వరదా!” అని ఈయన తెలుగులోనే ఆశ్చర్యపోయారు. ఇద్దరూ ఇంక ఆ పలకని వదల్లేదు.

లోపల గది అప్పటికే ఒరగడం మొదలైంది. హైమావతిగారు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నారు. పెదాలు బిగించారు. ఈషా ఆవిడ చేతివేళ్ళనే చూస్తోంది, అవి ఎంత తెల్లబడితే ఈమె ముఖం అంత తెల్లబడుతోంది. శశాంక్ మెట్ల మీదే కూర్చున్నాడు. ఏదైనా చెప్పి ఆదుకోవాలని నోటిదాకా వచ్చింది. కానీ తన నోటి మీద తనకి నమ్మకం పోయింది.

“పప్పు పెడతాను,” అని లేచారు హైమావతిగారు. మనసు బాగోలేనప్పుడు పొయ్యి దగ్గరికి వెళ్ళడం ఆవిడ అలవాటు.

“అమ్మా, ప్రయాణం చేసొచ్చావు, నేను...”

“కూర్చో.”

గోడ పట్టుకుని వెళ్ళి, పొయ్యి వెలిగించి, పప్పు గిన్నె పెట్టారు. ఒక చెయ్యి గిన్నె మీదే ఉంచారు, జారుతుందేమోనని. జారలేదు. చెయ్యి తీశారు. నేల ఒరిగింది, గోడలు ఒరిగాయి, గిన్నెలో నీళ్ళు మాత్రం అంచుకి సమంగా నిలబడ్డాయి. ఆవిడ తల ఒక పక్కకి వంచి చూశారు, రెండో పక్కకి వంచి చూశారు. పొయ్యిని వేలితో మెల్లగా నొక్కారు. అది ఊగి మళ్ళీ తన చోటికి వచ్చింది.

తర్వాత బల్ల మీదున్న ఆవకాయ సీసా తీశారు. అందులో నూనె ఫోటోలో లాగే ఏటవాలుగా ఉంది. దాన్ని తీసుకెళ్ళి, పొయ్యి మీద వెలిగించని రెండో పక్కన పెట్టారు. కారం ముక్కల మీద నూనె మెల్లగా సర్దుకుని, సీసా చుట్టూ ఒకే ఎత్తున నిలబడింది.

“ఏవండీ!” అని పైకి కేకేశారు. జనార్దనరావుగారి తల మెట్ల దగ్గర కనిపించింది. “నూనె చూడండి.”

ఆయన కళ్ళజోడు సరిచేసుకున్నారు. “సమంగా ఉంది,” అన్నారు, ముప్ఫై ఏళ్ళు గోదావరి మట్టం చెప్పిన గొంతుతో.

హైమావతిగారు కొంగుతో చేతులు తుడుచుకుని కూతురివైపు తిరిగారు. “ఇల్లు ఊగుతుందని కాదే నా ఏడుపు. అలాంటిచోట ఎలా వండుకుంటున్నావో, వేడి గిన్నె ఎక్కడ మీద పడుతుందో అని నాకు నిద్ర లేదు. ఇంత ఏర్పాటు ఉందని ఒక్క మాట చెప్తే సరిపోయేది కదా. నాకు చెప్పకుండా రెండేళ్ళు ఉన్నావు చూడు, అదీ నా బాధ.”

“తప్పయిపోయిందమ్మా,” అంది ఈషా. “వ్రతం చేశావని తెలిశాక నోరు రాలేదు.”

“వ్రతానికేం? ఇల్లన్నాను, ఇల్లే కదా ఇది. పొయ్యి ఉంది, నూనె నిలబడింది.” ఆవిడ పప్పు కలిపారు. “అమ్మక్కర్లేదు, ఉంచుకో. కానీ ఆ స్వీడనో ఏదో, ఒక్కదానివే వెళ్తానంటే మాత్రం నేను ఊరుకోను.”

ఈషా తల్లి భుజం మీద ముఖం పెట్టుకుని ఏడ్చేసింది. శశాంక్ మెట్ల మీద ఇంకొంచెం పైకి జరిగాడు, కనపడకుండా. అతనికీ కళ్ళు తడిశాయి, వాన అనుకుంటారులే అని ధైర్యం. ఆ రోజు ఎండ కాస్తోంది.

భోజనాలయ్యాక పెద్దవాళ్ళిద్దరూ గట్టు మీదికి వెళ్ళారు, నీళ్ళు తిరిగి రావడం చూడాలని జనార్దనరావుగారి ముచ్చట. శశాంక్ కూడా బూట్లు వేసుకోబోయాడు.

“ఆగు,” అంది ఈషా. “నేనొకటి అడగాలి.”

అతను బూటు చేత్తోనే పట్టుకుని ఆగాడు. ఇన్నాళ్ళకి ఆమె నోట ఆ మాట. కోపం పోయినా ‘నువ్వు’ మాత్రం అలాగే ఉండిపోయింది.

“పని చేసినవా మరి?” అన్నాడు. ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

ఈషా కళ్ళు పెద్దవి చేసింది. తర్వాత వెళ్ళి, పప్పు గిన్నె శుభ్రంగా తోమింది, కుళాయి సన్నగా తిప్పి. తుడిచి, అరలో పెట్టి, కొక్కెం వేసింది.

“అయింది. ఇప్పుడు చెప్పు. నేనంటే ఇష్టమా?”

“ఇష్టం,” అన్నాడు శశాంక్. “ఆ పటం పరిచిన్నాటి నుంచి. చెప్పాలంటే, షూస్ విప్పమని తిట్టిన్నాటి నుంచే కావొచ్చు.” ఇంకేదో అందంగా చెప్పాలని చూశాడు, రాలేదు. “నువ్వు నన్నెప్పుడు ఏమడగలే. నేనంటే లెక్కలేదనుకున్న.”

“అడిగితే నీ సంగతులు తెలుస్తాయి. తెలిస్తే ఇంకా నచ్చుతావేమోనని భయమేసింది. ఒక్కదాన్నే వెళ్ళాలని ఎంత ప్లాన్ వేసుకున్నానో తెలుసా?” ఆమె పటం తీసి బల్ల మీద పెట్టింది, కానీ విప్పలేదు. “రెండోది అడగనా?”

శశాంక్ ఒక పళ్ళెం అందుకుని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అతన్ని కొట్టబోయి, నవ్వి, పళ్ళెం కడిగింది.

“నాతో వస్తావా?”

“వస్త.”

ఆమె ఎదురుచూసింది. పళ్ళెం నుంచి నీళ్ళు కారుతున్నాయి. పడవ అడుగున పోటు నీళ్ళు చేరుతున్న చప్పుడు మొదలైంది, బల్ల మెల్లగా తిన్నగా లేస్తోంది. అతను ఆమెనే చూస్తున్నాడు.

“అంతేనా? ఏ దీవికి, ఎన్నాళ్ళు, వాంతులైతే ఎలా, సెలవివ్వకపోతే ఎలా... ఏమీ అడగవా?”

“దారిల అడుగుత,” అన్నాడు శశాంక్, బూటు పక్కన పెట్టేసి.